కంటి వాకిలి, వెన్ను వాకిలి

ఒక మనిషికి నాలుగు రోజులుగా విడువని తలనొప్పి. మెడ వంచబోతే బిగిసినట్లున్నది. చెవులలో జోరీగలు చేరినట్లు ఒకటే రొద. ఐదవనాటి ఉదయం లేచి చూచేసరికి రెండు కళ్లూ ఎర్రబారినవి. ఎదుటి గోడమీది క్యాలెండరులో అంకెలు మసకబారి, నీటిలో నీడల వలె వంకరలు పోతున్నవి. ఈ మనిషి ఎవరి వద్దకు పోవాలి? తలనొప్పికి ఒక వైద్యుడు, చెవికి ఒకరు, కంటికి వేరొకరు. ముగ్గురూ మూడు పేర్లు చెప్పి మూడు మందులు వ్రాసి ఇవ్వవచ్చు. ఆ మూడింటికీ మూలం ఒక్కటే అయి ఉండవచ్చునన్న ఊహ వైద్యశాస్త్రంలో స్థిరపడడానికి రెండు శతాబ్దాలకు పైగా కాలం పట్టినది. ఆ కథే నేటి ప్రసంగ విషయం.

నేను వైద్యుడను కాను. చికిత్స చెప్పడం నా పని కాదు. ఒక ప్రశ్న చరిత్రలో ఎట్లు పుట్టినదో, దానికి సమాధానం వెదకడంలో మనుష్యులు ఎక్కడెక్కడ తప్పటడుగులు వేసినారో, ఎట్లు సర్దుకొన్నారో చెప్పడం మాత్రమే నా ఉద్దేశం. ఆ ప్రశ్న ఇది: కంటి లోపలి పొరకూ, మెదడును చుట్టి ఉన్న పొరకూ ఒకేసారి శోథ పుట్టినప్పుడు దాని కారణాన్ని ఎట్లు కనిపెట్టాలి?

శోథ అనే మాటను ముందుగా కొంచెం విప్పి చెప్పవలసి ఉన్నది. క్రీస్తుశకం మొదటి శతాబ్దిలో రోమక రచయిత సెల్సస్ దాని లక్షణాలు నాలుగని వ్రాసినాడు: ఎరుపు, వాపు, వేడి, నొప్పి. గోరుచుట్టు వేసిన వ్రేలిని చూచినవారికి ఈ నాలుగూ తెలిసినవే. కాని ఈ నాలుగూ కార్యమే గాని కారణం కాదు. పొగను చూచి నిప్పున్నదని చెప్పవచ్చు. ఆ నిప్పు వంటింటిదో, గడ్డివామిదో పొగ చెప్పదు. పైగా వ్రేలు కంటికి కనిపిస్తుంది. కపాలంలో భద్రంగా దాగి ఉన్న పొరనూ, కంటిపాప వెనుక చీకటిలో ఉన్న పొరనూ చూచేదెట్లు?

ఈ రెండు పొరలూ దూరపు చుట్టాలు కావు. తల్లి గర్భంలో శిశువు రూపు దిద్దుకొనే తొలి వారాలలో, మెదడు కానున్న భాగమే రెండు మొగ్గలుగా ముందుకు సాగి కంటి వెనుకనున్న దృష్టిపటలం, అనగా రెటీనా, అవుతుంది. కంటినుండి మెదడుకు పోయే నరాన్ని మెదడు పొరలే ఒరవలె చుట్టుకొని కనుగ్రుడ్డు వెనుక దాకా వస్తవి. రెటీనాకు వెలుపల రక్తనాళాలతోను, నల్లని వర్ణకణాలతోను నిండిన నడిమి పొర ఒకటున్నది. దాని లాటిను పేరు ‘యూవియా’కు మూలం ద్రాక్షపండు అనే మాట, పైపొర తీసి చూస్తే అది నల్ల ద్రాక్ష వలెనే ఉంటుంది. ఈ నడిమి పొరలో వచ్చే శోథనే వైద్యులు యూవియైటిస్ అంటారు. మెదడు పొరల శోథ మెనింజైటిస్.

మెదడు పొరల జబ్బును మొదట శ్రద్ధగా వర్ణించినవారిలో ఎడింబరో నగరపు వైద్యుడు రాబర్ట్ విట్ ముఖ్యుడు. ఆయన 1766లో మరణించినాడు. ‘మెదడులో నీరు పట్టుట’ను గూర్చి ఆయన వ్రాసిన గ్రంథం 1768లో వెలువడినది. సుమారు ఇరవైమంది రోగులను, అందునా పిల్లలను, ప్రతిదినం గమనించి వ్రాసిన పుస్తకమది. నాడి మొదట వడిగా, తరువాత మెల్లగా, చివర మరల వడిగా కొట్టుకోవడాన్నిబట్టి ఆయన వ్యాధిని మూడు దశలుగా విభజించినాడు. కన్ను మెల్లపడడం, కంటిపాప విప్పారి వెలుతురుకు ముడుచుకొనక పోవడం కూడ ఆయన దృష్టిని దాటిపోలేదు. మరణించిన పిల్లల తలలో నీరు నిండి ఉండడం చూచి, ఆ నీరే వ్యాధికి కారణమని ఆయన తలచినాడు.

నేటి జ్ఞానంతో చూస్తే ఆయన వర్ణించినది చాలవరకు క్షయవలన వచ్చే మెదడు పొరల శోథ. నీరు దాని ఫలితం. మంచి పరిశీలకుడు కూడ కార్యాన్ని కారణమని పొరబడగలడని చెప్పడానికి ఇది తొలి ఉదాహరణ. ఆయనను తప్పుపట్టడానికి వీలులేదు. ప్రాణం ఉన్న మనిషిలో లోపల జరుగుతున్నదేమిటో చూడడానికి ఆ కాలంలో వాకిలి లేదు. తెరచినది ఒక్కటే, మరణానంతరం కపాలం. అప్పటికి కారణం తెలిసినా రోగికి ఒరిగేదేమీ లేదు.

మొదటి వాకిలి కంటి వైపున తెరచుకొన్నది. 1850లో కోనిగ్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో శరీరధర్మశాస్త్రం చెప్పుతున్న హెల్మ్‌హోల్ట్స్‌కు ఒక చిన్న సందేహం కలిగినది: కంటిపాప ఎందుకు నల్లగా కనిపిస్తుంది? లోపలికి పోయిన వెలుతురు వచ్చిన దారినే తిరిగి బయటకు వస్తుంది. ఆ దారిలో మనం కన్ను పెట్టి చూడబోతే మన తలే దీపానికి అడ్డు వస్తుంది. ఆయన పలుచని గాజుపలకలను ఏటవాలుగా అమర్చి, దీపకాంతిని వాటిమీదినుండి రోగి కంటిలోకి మళ్లించి, అదే గాజుగుండా తాను చూచినాడు. జీవించి ఉన్న మనిషి రెటీనా, దానిమీది రక్తనాళాలు, మెదడునుండి వచ్చిన నరపు కొస ఎదుట నిలిచినవి. 1851లో ఈ పరికరాన్ని గూర్చి ఆయన చిన్న పుస్తకం ప్రకటించినాడు. అదే ఆఫ్తాల్మోస్కోపు.

కోత లేకుండా, నొప్పి లేకుండా, బ్రతికి ఉన్న దేహంలో రక్తనాళాలను, మెదడు నరాన్ని సూటిగా చూడగల చోటు కన్ను. ఈ సంగతిని గ్రహించిన వారిలో పారిస్ నగరంలో పిల్లల వైద్యుడైన బూషూ ఒకడు. 1860లలో ఆయన కంటిగుండా మెదడు జబ్బులను చదివే పద్ధతికి ‘మెదడు దర్శనం’ అనే అర్థం వచ్చే పేరే పెట్టినాడు. ఆయన ఆశలు కొన్ని అతిశయోక్తులే అయినా మార్గం సరియైనదే. 1867లో బెర్లినులో కోన్‌హైమ్, దేహమంతటా వ్యాపించిన క్షయలో కంటి నడిమి పొరమీద చిన్న చిన్న బొడిపెలు ఏర్పడుతవని నిరూపించినాడు. అనగా జ్వరంతో, తలనొప్పితో మగతగా పడి ఉన్న పిల్లవాని కంటిలో ఆ పాలిపోయిన మచ్చలు కనిపిస్తే, మెదడు పొరమీద ఉన్నదేమిటో వైద్యుడు ఊహించగలడు. కపాలం తెరవనక్కరలేదు.

తరువాతి పదిహేను ఇరవై ఏండ్లు సూక్ష్మజీవుల వేట సాగిన కాలం. 1882 మార్చి 24న బెర్లినులో రాబర్ట్ కోక్ క్షయ కారకమైన సూక్ష్మజీవిని కనుగొన్నట్లు ప్రకటించినాడు. 1887లో వియన్నాలో వైక్సెల్‌బౌమ్, ఊళ్లను చుట్టబెట్టే మెదడు పొరల జ్వరానికి కారణమైన జంట గుండ్ల వంటి క్రిమిని గుర్తించినాడు. కారణాలకు ఒక్కొక్కటిగా పేర్లు దొరకుతున్నవి. కాని బ్రతికి ఉన్న రోగి మెదడు పొరలలో ఏ క్రిమి ఉన్నదో తెలియాలంటే ఆ పొరల మధ్యనున్న నీరు కావాలి. ఆ నీరు తలలో ఉన్నది.

తలలోనే కాదు, వెన్నులో కూడ ఉన్నది. మెదడును కడుగుతున్న ఆ నీరే వెన్నుపాము చుట్టూ నడుము దాకా దిగుతుంది. వెన్నుపాము మాత్రం నడుము పైభాగంలోనే ముగుస్తుంది. కనుక నడుము క్రిందిభాగంలో రెండు ఎముకల నడుమ సూది దించితే వెన్నుపాముకు గాయం కాకుండా నీరు తీయవచ్చును. 1891లో జర్మనీలో కీల్ నగరపు వైద్యుడు క్వింకె ఈ పని చేసి చూపినాడు. అదే సంవత్సరం లండనులో వింటర్ అనే వైద్యుడు, క్షయ మెదడుకెక్కిన నలుగురు రోగుల వెన్నునుండి నీరు తీసిన వైనం ప్రకటించినాడు. ఇందులో విశేషమేమంటే, ఇద్దరూ మొదట కోరినది రోగనిర్ణయం కాదు, ఉపశమనం. లోపల ఒత్తిడి పెరిగినది, నీరు తీస్తే తగ్గుతుందన్నదే వారి ఆలోచన. విట్ కాలపు ‘నీరే శత్రువు’ అనే భావం అప్పటికీ పూర్తిగా పోలేదు.

కాని సీసాలోకి దిగిన నీరు తానే మాట్లాడనారంభించినది. ఆరోగ్యవంతుని వెన్నునీరు ఊటచెలమ నీటివలె తేటగా ఉంటుంది. చీము పుట్టించే క్రిములు చేరితే అది కలుగు వలె మడ్డిబారుతుంది; అందులోని చక్కెర తగ్గిపోతుంది. క్షయలో నీరు ఇంచుమించు తేటగానే ఉన్నా చక్కెర తగ్గుతుంది, మాంసకృత్తులు పెరుగుతవి. కొంతసేపు నిలవ ఉంచితే సాలెగూడు వంటి పలుచని తెట్టు కడుతుంది. 1900, 1901 సంవత్సరాలలో పారిస్‌లో విడాల్, సికార్, రవో అనే ముగ్గురు ఆ నీటిలోని కణాలను సూక్ష్మదర్శినిలో పరిశీలించే పద్ధతికి రూపమిచ్చినారు. చీము క్రిములు దాడి చేసినప్పుడు ఒకజాతి తెల్లకణాలు, క్షయలోను సవాయి రోగంలోను లింఫోసైట్లు అనే మరొక జాతి కణాలు ఎక్కువగా కనిపిస్తవని వారు చూపినారు. ఇట్లు రెండవ వాకిలి, వెన్ను వాకిలి, తెరచుకొన్నది.

ఇక కారణాలన్నీ చేతికి చిక్కినట్లే అని ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్ల వైద్యులు అనుకొన్నారంటే ఆశ్చర్యం లేదు. 1905లో షౌడిన్, హాఫ్‌మన్ సవాయి క్రిమిని చూచినారు; 1906లో వాసర్‌మన్ దానికి రక్తపరీక్ష సమకూర్చినాడు. కంటి నడిమి పొర వాచినదంటే క్షయ, కాకుంటే సవాయి అన్నంత ధీమా ఏర్పడినది. రెండూ కాదని తేలినప్పుడు దేహంలో ఎక్కడో చీము దాగి ఉన్నదని భావించి, పళ్లు ఊడబెరికి, టాన్సిల్సు కోసివేసిన కాలం కూడ ఒకటి నడచినది. పాపం రోగి పళ్లూ పోగొట్టుకొన్నాడు, చూపూ పోగొట్టుకొన్నాడు. కారణం తెలియనప్పుడు ‘తెలియదు’ అని చెప్పడానికి బదులు తెలిసిన పేరును తగిలించడం వలన జరిగే కీడు ఇట్టిది.

ఆ రోజులలోనే ఏ పేరుకూ లొంగని రోగులు కొందరు అక్కడక్కడ కనిపించనారంభించినారు. 1906లో స్విట్జర్లాండులో ఆల్‌ఫ్రెడ్ ఫోక్ట్ అనే ఇరవై ఏడేండ్ల వైద్యుడు ఒక రోగిని వర్ణించినాడు. కళ్లలో శోథ, దానితోపాటు కనురెప్పల వెంట్రుకలు అకాలంగా నెరసినవి. ఈ ఫోక్టే తరువాతి కాలంలో, గుల్‌స్ట్రాండ్ 1911లో నిర్మించిన చీలిక దీపంతో కంటి ముందుభాగాన్ని పరీక్షించడంలో ప్రపంచ ప్రసిద్ధుడైనాడు. నిజానికి కంటి శోథకూ తెల్లబడిన వెంట్రుకలకూ సంబంధమున్నదని పదవ, పదకొండవ శతాబ్దుల నాటి బాగ్దాదు నేత్రవైద్యుడు అలీ ఇబ్న్ ఈసా గమనించినాడని వైద్యచరిత్రకారులు అంటారు. పాత గమనిక మరుగున పడి, కొత్త గమనిక మరల మొదటినుండి ప్రారంభమైనది.

జపానులో 1926లో హరాడ అనే వైద్యుడు ఐదుగురు రోగుల సంగతి ప్రకటించినాడు. వీరికి వెంట్రుకల మాట కాదు ముఖ్యం. రెండు కళ్లలోను నడిమి పొర వాచి, దానిమీది రెటీనా క్రింద నీరు చేరి, తడిసిన గోడనుండి సున్నపు పెచ్చు లేచినట్లు రెటీనా లేచినది. హరాడ మరొక పని కూడ చేసినాడు. ఆ రోగుల వెన్నునీరు తీసి చూచినాడు. అందులో లింఫోసైట్లు హెచ్చుగా ఉన్నవి. అనగా కంటి వాకిలిలో కనిపించిన మంటకు వెన్ను వాకిలిలో కూడ సాక్ష్యం దొరకినది. కాని క్రిమి మాత్రం దొరకలేదు.

1929లో జపానుకే చెందిన కొయనాగి పదహారుగురు రోగుల చరిత్రలను ఒకచోట చేర్చి జర్మను పత్రికలో ప్రకటించినాడు. తన వ్యాసానికి ఆయన పెట్టిన పేరులోనే వ్యాధి స్వరూపం ఉన్నది: గాయంవలన కలుగని తీవ్రమైన కంటి శోథలో వినికిడి లోపం, వెంట్రుకలు రాలడం, వెంట్రుకలు నెరయడం. ఆ రోగుల కథలను వరుసగా చదివితే ఒక క్రమం కనిపిస్తుంది. మొదట కొద్ది రోజులు తలనొప్పి, మెడనొప్పి, చెవిలో రొద. తరువాత రెండు కళ్లలోను శోథ, చూపు మందగించడం. వారాలో నెలలో గడచిన మీదట చర్మంమీద బొల్లి మచ్చలు, రెప్పలమీద తెల్ల వెంట్రుకలు.

మన పెద్దలు చెప్పే అంధగజన్యాయం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. ఒకరు తోకను, ఒకరు చెవిని, ఒకరు కాలును తడిమినట్లు, మొదటి వారంలో చూచినవాడు మెదడు పొరల జబ్బన్నాడు. రెండవ వారంలో చూచినవాడు కంటి జబ్బన్నాడు. మూడవ నెలలో చూచినవాడు చర్మవ్యాధి అన్నాడు. ఏనుగు ఒక్కటే. తరువాతి రెండు దశాబ్దాలలో వైద్యులు ఈ వర్ణనలన్నీ ఒకే వ్యాధివని అంగీకరించి, ముగ్గురి పేర్లూ కలిపి ఫోక్ట్-కొయనాగి-హరాడ వ్యాధి అన్నారు. తూర్పు ఆసియా, దక్షిణాసియా ప్రజలలోను, అమెరికా ఖండపు ఆదివాసులలోను ఇది హెచ్చు, తెల్లవారిలో అరుదు. మన దేశపు కంటి ఆసుపత్రులకు ఇది పరిచితమైన వ్యాధే.

మరి కారణమేమి? కన్ను, చెవి, మెదడు పొర, చర్మం, వెంట్రుక: ఈ ఐదింటికీ ఉమ్మడి ఆస్తి ఏది? వర్ణకణం. మన చర్మానికి చామనచాయను, వెంట్రుకకు నలుపును ఇచ్చే కణాలే కంటి నడిమి పొరలోను, లోపలి చెవిలోను, మెదడు పొరలలోను ఉన్నవి. ఈ వ్యాధిలో శరీరరక్షణ వ్యవస్థ తన సొంత వర్ణకణాలనే పరాయివని పొరబడి వాటిమీద దాడి చేస్తుంది. కోటలోని సైనికులే కోటవాసులను శత్రువులనుకొన్న స్థితి ఇది. ఎందుకు పొరబడుతుందో ఇంకను పూర్తిగా తేలలేదు. జన్యువులలో కొందరికి దీనికి అనువైన లక్షణం ఉన్నదన్నది మాత్రం రుజువైనది.

ఈ ఊహకు దారిచూపినది మరొక పాత వ్యాధి. ఒక కంటికి లోతైన గాయమైతే, కొంతకాలానికి గాయపడని రెండవ కన్ను కూడ వాచి చూపు పోవడం వైద్యులకు ఏనాడో తెలుసు. అంధుల లిపిని ప్రసాదించిన లూయీ బ్రెయిల్ 1809లో జన్మించినాడు. మూడేండ్ల వయస్సులో తండ్రి పనిచేసే తోలుసామాను దుకాణంలో ఆరె ఒక కంటికి గుచ్చుకొన్నది. ఐదవ ఏటికి రెండు కళ్లూ పోయినవి. ఆయనకు వచ్చినది ఈ జబ్బే అయి ఉండవచ్చునని చాలమంది భావిస్తారు. 1910లో ఎల్ష్‌నిగ్ అనే ప్రేగ్ నగరపు నేత్రవైద్యుడు, గాయపడిన కంటిలోని సొంత కణజాలం మీదనే దేహం తిరుగబడుతున్నదని ప్రతిపాదించినాడు. కొయనాగి తన వ్యాసం పేరులో ‘గాయంవలన కలుగని’ అనడానికి అర్థం ఇదే. చూపులకు రెండు వ్యాధులూ కవలలు. ఒకదాని వెనుక గాయముంటుంది, రెండవదాని వెనుక ఉండదు.

ఇంతవరకు ఇది పండితుల విచారణ. 1948 తరువాత ఇది ప్రాణసమస్య అయినది. ఆ సంవత్సరం అమెరికాలో మేయో వైద్యశాలలో హెంచ్, కీళ్లవాతపు రోగికి మొదటిసారి కార్టిజోను ఇచ్చినాడు. 1950లో ఆయనకూ, కెండాల్, రైక్‌స్టైన్‌లకూ నోబెల్ బహుమతి లభించినది. శోథను అణచివేసే స్టెరాయిడ్ మందుల యుగం ఆరంభమైనది. హరాడ కాలంలో చూపు కోల్పోయి ఉండే రోగులకు, తొలి దినాలలోనే తగిన మోతాదులో ఈ మందు పడితే చాలమందికి చూపు నిలిచే అవకాశం వచ్చినది. ఆలస్యమైతే వ్యాధి ముదిరి, మాటిమాటికి తిరగబెట్టుతుంది.

కాని ఆ మందు చేసే పని ఏమిటి? రక్షకభటుల ఆయుధాలు తీసివేయడం. కోటవాసులమీద తిరుగబడిన భటుల విషయంలో అది మేలు. నిజంగానే శత్రువు గోడ దూకి లోపల ఉన్నప్పుడు అదే పని చేస్తే? క్షయ క్రిమి, సవాయి క్రిమి, కంటిలో చేరిన హెర్పీస్ జాతి వైరసు, ఫంగసు - వీటికి తలుపులు బార్లా తెరచినట్లే. రోగికి మొదట రెండు మూడు రోజులు హాయిగా ఉంటుంది. ఎరుపు తగ్గుతుంది, నొప్పి తగ్గుతుంది. లోపల దహనం మాత్రం సాగుతూనే ఉంటుంది. కారణం కనుగొనకముందే కార్యాన్ని అణచివేయగల శక్తి మనిషికి వచ్చినది. విట్ నాటి పొరపాటు పుస్తకంలో నిలిచిపోయినది. ఈనాటి పొరపాటు కంటిని, ఒక్కొక్కసారి ప్రాణాన్ని తీయగలదు.

అయితే స్టెరాయిడు క్షయకు సర్వదా శత్రువని కూడ చెప్పరాదు. 2004లో వియత్నాంలో 545 మంది క్షయ మెనింజైటిస్ రోగులమీద జరిపిన పరిశోధనలో, క్షయమందులతోపాటు స్టెరాయిడును కూడ ఇచ్చినవారిలో మరణాలు తగ్గినవి. శత్రువును చంపే మందు ప్రక్కన ఉన్నప్పుడు వాపును అణచే మందు సహాయకారి. ఒంటరిగా ఉన్నప్పుడు ప్రమాదకారి. మందు మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు కారణనిర్ణయం జరిగిన తరువాతగాని సమాధానం లేదు.

కారణం వెదకడంలో రోగి ఊరు, వృత్తి, ఋతువు కూడ సాక్షులే అనడానికి మన పొరుగున జరిగిన ఒక సంఘటన చెప్పుతాను. 1993 చివర తమిళనాడులో మధుర ప్రాంతాన భారీ వరదలు వచ్చినవి. తరువాతి నెలలలో ఆ నగరపు అరవింద్ కంటి ఆసుపత్రికి నడిమి పొర శోథతో వచ్చేవారి సంఖ్య హఠాత్తుగా పెరిగినది. అక్కడి వైద్యులు ఒక్కొక్కరికి వేరువేరుగా చుక్కల మందు వ్రాసి ఊరుకొనక, ఇందరికి ఒకేసారి ఎందుకు వచ్చినదని ప్రశ్నించినారు. వరదనీరు, ఎలుకలు, పశువులు, వరిపొలాలు: ఈ గొలుసు వారిని లెప్టోస్పైరా అనే క్రిమి వద్దకు చేర్చినది. మన పల్లెలలో ఎలుకజ్వరం అనే వ్యాధి అదే. జపానులో ఇనాడ, ఇడో 1915లో కనుగొన్న ఈ క్రిమి మొదట జ్వరాన్ని, కొందరిలో మెదడు పొరల శోథను తెచ్చి, అంతా చల్లబడినదనుకొన్న తరువాత కంటిలో తల ఎత్తుతుంది. 73 మంది రోగుల వివరాలతో ఈ పరిశీలన 1997లో వెలువడినది. జ్వరం వచ్చి తగ్గిన సంగతి వైద్యుడు అడుగకపోతే, రోగి తనంతట చెప్పకపోతే, ఆ గొలుసు తెగిపోయి ఉండేది.

కనుకనే ఫోక్ట్-కొయనాగి-హరాడ వ్యాధిని నిర్ణయించడానికి అంతర్జాతీయ నిపుణుల సంఘమొకటి 2001లో ప్రకటించిన నియమాలలో మొదటి రెండూ ‘లేదు’ అనే మాటతో ముడిపడి ఉన్నవి. మొదటిది, కంటికి లోతైన గాయంగాని శస్త్రచికిత్సగాని జరిగి ఉండలేదు. రెండవది, వేరొక కంటి వ్యాధిని సూచించే ఆధారమేదీ లేదు. ఆ తరువాతనే రెండు కళ్ల శోథ, మెదడు పొర, చెవి లక్షణాలు, ఆఖరున చర్మం, వెంట్రుకలు వస్తవి. ఉపనిషత్తులలో ‘నేతి నేతి’ అన్నట్లు, ఇది కాదు, ఇది కాదు అని ఒక్కొక్కదాన్ని త్రోసివేసిన మీదటనే ఇక్కడ సత్యం తేలుతుంది. సంపూర్ణమైన రుజువునిచ్చే పరీక్ష ఒక్కటీ లేని వ్యాధికి ఇదే న్యాయమైన మార్గం.

త్రోసివేయవలసిన జాబితా చిన్నది కాదు. క్షయ, సవాయి, ఎలుకజ్వరం, వైరసులు మాత్రమే గాక, 1909లో డెన్మార్కు వైద్యుడు హీర్‌ఫోర్ట్ వర్ణించిన లక్షణాలకు మూలమైన సార్కాయిడోసిస్ ఉన్నది. 1937లో ఇస్తాంబులు చర్మవైద్యుడు బెహ్‌చెట్, నోటిపూతను, కంటి శోథను ఒకే సూత్రాన గుచ్చి చూపిన వ్యాధి ఉన్నది. శోథ వేషం వేసుకొని వచ్చే ఒక విధమైన కాన్సరు కూడ ఉన్నది. ఈ చివరిది మెదడుకూ కంటికీ రెంటికీ సోకుతుంది. స్టెరాయిడు ఇస్తే కొన్నాళ్లు తగ్గినట్లు నటించి వైద్యుని మోసగిస్తుంది.

పరికరాలు మాత్రం ఎంతో పెరిగినవి. 1961లో అమెరికాలో ఇండియానా విశ్వవిద్యాలయపు వైద్యవిద్యార్థులు నోవోట్నీ, ఆల్విస్ రక్తంలోకి రంగుమందు ఎక్కించి రెటీనా నాళాలను ఛాయాచిత్రాలు తీసే పద్ధతి ప్రకటించినారు. హరాడ చెప్పిన నీటి ఊటలు ఎక్కడెక్కడ ఉన్నవో దానితో చుక్కలు చుక్కలుగా కనిపిస్తవి. 1983లో కేరీ మలిస్ ఊహించిన పీసీఆర్ పద్ధతివలన కంటినుండి తీసిన ఒక్క బొట్టు ద్రవంలో క్రిమి ఆనవాళ్లు పట్టవచ్చు. రెటీనా పొరలను కాంతితోనే కోసినట్లు చూపే యంత్రాలున్నవి. వాటివలన ఈ వ్యాధిలో వెన్నునీరు తీయవలసిన అవసరం ఇప్పుడు అందరికీ రాదు. అనుమానం మిగిలినచోట మాత్రం క్వింకె సూదే నేటికీ శరణ్యం.

ఈ కథలో మన తెలుగువానికి కూడ ఒక పాత్ర ఉన్నది. 1895లో భీమవరంలో జన్మించి, మద్రాసు వైద్యకళాశాలలో చదివి, 1923లో అమెరికా చేరిన యల్లాప్రగడ సుబ్బారావు గారు లెడర్లీ పరిశోధనాలయానికి నాయకత్వం వహించిన రోజులలో అక్కడ తయారైన మందులలో మెథోట్రెక్సేట్ ఒకటి. కాన్సరు చికిత్సకై పుట్టిన ఆ మందును, దారితప్పిన రక్షణవ్యవస్థను చిన్న మోతాదులతో అదుపులో ఉంచడానికి తరువాత వాడనారంభించినారు. ఏండ్ల తరబడి స్టెరాయిడు వాడవలసిన కంటి శోథ రోగులకు ఆ భారం తగ్గించే మందులలో ఇది ముఖ్యమైనది. 216 మంది రోగులతో భారతదేశంతో సహా ఐదు దేశాలలో జరిగి 2019లో వెలువడిన పరిశోధనలో, మైకోఫినొలేట్ అనే మరొక మందు దీనికంటె మెరుగైనదని తేలలేదు. సుబ్బారావు గారు 1948లో, ఏబది మూడేండ్లకే, కన్నుమూసినారు. తన మందు ఇట్లు చూపు నిలుపుతుందని వారికి తెలిసే అవకాశం లేకపోయినది.

అయితే ఇదీ భటుల ఆయుధాలు తగ్గించే మందే. కనుక దీనికీ ఆ నియమమే: ముందు కారణం, తరువాత మందు.

మొదట చెప్పిన మనిషి వద్దకు మరల వస్తాను. అతడు కంటి వైద్యుని వద్దకు పోయినాడనుకొందాము. ఆ వైద్యుడు దీపం వెలిగించి కంటిలోకి చూచేముందు ఇట్లు అడుగవచ్చు: తలనొప్పి ఎన్నాళ్ల క్రితం మొదలైనది? చెవిలో రొద ఉన్నదా? ఈ మధ్య జ్వరం వచ్చి తగ్గినదా? పొలం పనికి పోతారా? ఇంట్లో ఎవరికైనా క్షయ ఉన్నదా? నోటిపూత మాటిమాటికి వస్తుందా? ఎన్నడైనా కంటికి దెబ్బ తగిలినదా? ఈ లోగా ఏ చుక్కల మందైనా వేసుకొన్నారా? కంటి నొప్పికి వచ్చినవానిని ఇన్ని ప్రశ్నలేమిటని రోగి విసుగుకొనవచ్చు. ప్రతి ప్రశ్న వెనుక విట్‌నుండి మధుర వైద్యుల దాకా రెండువందల యేండ్లకు పైబడిన అనుభవం ఉన్నదని తెలిస్తే ఆ విసుగు ఉండదు.

శ్రోతలలో ఎవరికైనా, లేక ఇంటిలోని వారికి, తలనొప్పితో కలిసి చూపు మసకబారడంగాని, కన్ను ఎర్రబడి వెలుతురు చూడలేకపోవడంగాని సంభవిస్తే, మందుల దుకాణంలో అడిగి తెచ్చిన చుక్కలతో దినాలు గడుపవద్దు. జ్వరంతో మెడ బిగిసి మగత కమ్మితే గంటలు కూడ గడుపరాదు. వైద్యుని ఎదుట కూర్చున్నప్పుడు కంటికి సంబంధం లేదని మీకు తోచిన సంగతిని కూడ దాచక చెప్పండి. చెవిలోని రొద, నెల క్రితపు జ్వరం, రెప్పమీద కొత్తగా తెల్లబడిన వెంట్రుక - వైద్యుడు వెదకుతున్న ఆధారం వాటిలోనే ఉండవచ్చు.